టింగ్... టింగ్... ఈ గంట ఎక్కడిది?

రాత్రి అందరూ పడుకున్నాక ఎక్కడో కుళాయి బొట్టుబొట్టుగా కారుతున్న చప్పుడు మీరు వినే ఉంటారు. అది వంటింట్లోదా, స్నానాల గదిలోదా, పక్కింటివాళ్ళదా? లేచి వెతికితే ఆగిపోతుంది. వచ్చి పడుకోగానే మళ్ళీ 'టప్' మంటుంది. సరిగ్గా ఇలాంటి చప్పుడే మమ్మల్ని రెండు నెలలపాటు ఏడిపించింది. కాని అది కుళాయి కాదు. ఒక బండిలో మోగే హెచ్చరిక గంట.

మా తమ్ముడికి జీపులాంటి పాత బండి ఒకటి ఉంది. మామూలు కార్లలో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఈ బండిలో ఒక చిన్న కడ్డీని కదిపితే నాలుగు చక్రాలకూ అందుతుంది. అందుకని అది బురదలోనూ, రాళ్ళలోనూ, వాగుల్లోనూ కూడా వెళ్ళగలదు. తమ్ముడు ఉండేది చోడవరంలో. పాడేరు కొండల మీది ఊళ్ళలో రైతుల దగ్గర కాఫీ గింజలు కొని కిందికి తెస్తుంటాడు. మంచి రోడ్డు సగం దూరమే. మిగతా సగానికి ఇలాంటి బండి తప్పదు.

ఆ బండిలో ఉన్నట్టుండి 'టింగ్... టింగ్...' మని గంట మోగడం మొదలైంది. రెండు మూడు మోతలు మోగి ఆగిపోయేది. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒక్కటీ వెలగదు. తలుపులన్నీ వేసే ఉంటాయి. బెల్టులు పెట్టుకునే ఉంటారు. మెకానిక్ షెడ్డుకు తీసుకువెళితే గంట నోరెత్తదు. పంటినొప్పి డాక్టరుగారి గుమ్మంలో తగ్గిపోయినట్లన్నమాట!

మొదట మేము చేసిన పని, చెవులు రిక్కించి ఆ మోత ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టాలని చూడడం. తమ్ముడు స్టీరింగు కింద అన్నాడు. నేను ఎడమ తలుపు దగ్గర అన్నాను. వెనక కూర్చున్న తమ్ముడి కూతురు, ఎనిమిదో తరగతి చదువుతోంది, తన నెత్తిమీదే మోగుతోందంది. ముగ్గురం మూడు దిక్కులు చూపించాం. మా చెవులకు ఏ రోగమూ లేదు. మరి ఎందుకిలా?

మన రెండు చెవుల మధ్య దూరం సుమారు 20 సెంటీమీటర్లు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఎడమవైపు చప్పుడు ఎడమ చెవికి ముందు చేరి, కుడి చెవికి సెకనులో పదివేల వంతులు ఆరు ఆలస్యంగా చేరుతుంది. ఇంత చిన్న తేడాను కూడా మెదడు పట్టుకుని దిక్కు చెప్పేస్తుంది! అయితే ఈ ఉపాయం బొంగురు శబ్దాలకే బాగా పనిచేస్తుంది. కీచు శబ్దాలకు మరో ఉపాయం ఉంది. మన తల వాటికి అడ్డుపడి, అవతలి చెవికి మోత తగ్గిస్తుంది. ఈ రెండు ఉపాయాల సంగతీ 1907లో రేలీ ప్రభువు అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించాడు. బండి గంటలు చాలావరకు సెకనుకు రెండువేల కంపనాల దరిదాపుల్లో మోగుతాయి. అది బొంగురుకూ కీచుకూ నడుమ ఉండే తావు. అక్కడ రెండు ఉపాయాలూ అంతంతమాత్రమే. దీనికితోడు చుట్టూ అద్దాలు. మోత వాటికి తగిలి నలుదిక్కులనుంచీ వస్తుంది.

మీరే చేసి చూడండి. ఒక స్నేహితుడి కళ్ళకు గంతలు కట్టి, తలుపులు మూసిన గదిలో నిలబెట్టండి. ఒక మూలనుంచి చప్పట్లు కొట్టండి. వెంటనే వేలు చూపిస్తాడు. అదే మూలనుంచి ఈలను సన్నగా, ఒకే స్థాయిలో ఊదండి. ఎన్నిసార్లు తప్పుతాడో లెక్క పెట్టండి.

ఒకవేళ గంట ఎక్కడుందో కనిపెట్టినా మాకు ఒరిగేదేమీ లేదని తరవాత తెలిసింది. ఇంటి కాలింగ్ బెల్లు హాల్లో మోగుతుంది. దాన్ని నొక్కే బొత్తాము గేటు దగ్గర ఉంటుంది. వచ్చినవాడెవడో తెలియాలంటే గేటు దగ్గరికి పోవాలి కాని బెల్లు కింద నిలబడితే ఏం లాభం?

ఇంతకూ ఆ గంటలో ఏముంటుంది? పాతకాలపు బళ్ళలో బజ్జరు ఉండేది. తీగచుట్ట అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది. లాగగానే విద్యుత్ వలయం తెగుతుంది, రేకు వెనక్కి వస్తుంది. వలయం మళ్ళీ కలుస్తుంది. ఇలా సెకనుకు వందల సార్లు జరిగి 'జుయ్' మంటుంది. మా బండిలో ఉన్నది అది కాదు. పలుచని ఇత్తడి రేకుకు అతికించిన పింగాణీలాంటి చిన్న బిళ్ళ. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు, కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిమీద విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. (ఈ పియరీయే తరవాత మేరీ క్యూరీని పెళ్ళాడాడు.) మరుసటి ఏడాది దీనికి తిరకాసును కూడా చూశారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం తన ఆకారం కొంచెం మార్చుకుంటుంది. విద్యుత్తును అటూ ఇటూ మారుస్తూ పోతే బిళ్ళ వంగుతూ లేస్తూ ఇత్తడి రేకును కంపింపజేస్తుంది. అదే మన 'టింగ్'.

ఆ బిళ్ళ ఉన్న పెట్టెకు అనేకచోట్లనుంచి తీగలు వస్తాయి. ఒక్కొక్క తీగ చివర ఒక్కొక్క స్విచ్చు. తలుపు సందున ఒకటి, తాళంచెవి దగ్గర ఒకటి, బెల్టు కొక్కెంలో ఒకటి, హ్యాండ్ బ్రేకు కింద ఒకటి. చాలా స్విచ్చులకు రెండో తీగ ఉండదు. 12 వోల్టుల బ్యాటరీ రుణధ్రువాన్ని బండి ఇనుప ఒంటికే కలిపేస్తారు. స్విచ్చు తన తీగను ఆ ఒంటికి తాకిస్తే చాలు, వలయం పూర్తవుతుంది. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్' అంటారు. నాలుగు రబ్బరు టైర్లమీద నిలిచిన బండికీ భూమికీ ఏ సంబంధమూ లేకపోయినా పేరు మాత్రం అదే! మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో వేగానికి కూడా గంట పెట్టారు. గంటకు 80 కిలోమీటర్లు దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆపకుండా మోగుతుంది. మా బండి అంతకుముందుది. పైగా ఘాట్ రోడ్డులో 80 ఎవరు పోతారు?

మా మొదటి అనుమానం తలుపుల మీద పడింది. వాగులు దాటేటప్పుడు బురదనీరు స్విచ్చులోకి పోయి ఉంటుందనుకున్నాం. ఈ అనుమానాన్ని తేల్చడానికి విప్పనక్కర్లేదు. తలుపు తెరిస్తే లోపలి దీపం వెలుగుతుంది కదా! దానికీ గంటకూ తలుపు స్విచ్చు ఒక్కటే. గంట మోగినప్పుడు ఆ దీపం కూడా మిణుకుమనాలి. వెనక కూర్చున్న పాప దీపం చుట్టూ అరచేతులు దోసిలిపట్టి చూసింది. గంట మోగింది, దీపం వెలగలేదు. తలుపులు నిర్దోషులు.

తరవాత బెల్టులు. ముందు సీట్లో పరుపు కింద బరువును గుర్తించే స్విచ్చు ఉంటుంది. అక్కడ బుట్టో సంచో పెట్టినా, మనిషి కూర్చున్నాడు, బెల్టు పెట్టుకోలేదు అని గంట మోగిస్తుంది. ఈ తెలివితక్కువతనం పెద్ద రభసకే దారితీసింది ఒకప్పుడు. అమెరికాలో 1974 మోడలు కార్లకు, ముందు సీట్లవాళ్ళు బెల్టు పెట్టుకోనిదే ఇంజను స్టార్టు కాని ఏర్పాటు తప్పనిసరి చేశారు. సీట్లో సరుకుల సంచి పెట్టినా కారు మొరాయించేది. జనం గగ్గోలు పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆ నిబంధనను చట్టం చేసి మరీ తీసేశారు. బెల్టు గంట 8 సెకన్లకు మించి మోగాలని ప్రభుత్వం నిర్బంధించకూడదని కూడా అందులో రాశారు. అనవసరంగా మోగే గంట మనిషికి ఎంత చిరాకో చూడండి!

మేము ముందు సీటు ఖాళీ చేసి, దాని బెల్టును కొక్కేనికి తగిలించి ప్రయాణం చేశాం. అయినా గంట మోగింది.

ఇక మెకానిక్ మేస్త్రీ ఒక సలహా చెప్పాడు. "ఎందుకు బాబూ ఈ గోల? ఆ గంట వైరు పీకేద్దాం. బండికేటీ కాదు." తమ్ముడు సరేనన్నాడు కూడా. నిజం చెప్పొద్దూ, నేనూ అడ్డుచెప్పలేదు. రెండు నెలలుగా వింటున్నాం మరి. అడ్డుపడింది పాప. "పెదనాన్నా, ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా మోగలేదు. దిగేటప్పుడే ఎందుకు మోగుతోంది?"

ఈ సంగతి మేమిద్దరం గమనించనే లేదు. విసుగొచ్చినవాడికి 'ఎప్పుడూ మోగుతోంది' అనే అనిపిస్తుంది. పాప ఒక నోటుపుస్తకంలో గీతలు కొట్టింది. ఎక్కడమా, దిగడమా? బ్రేకు నొక్కామా, లేదా? వంపులోనా, తిన్నని దారిలోనా? నాలుగు ఆదివారాలు మాతో వచ్చి రాసింది. మొత్తం 23 సార్లు మోగింది. ఇరవైమూడూ దిగేటప్పుడే. అందులో 21 సార్లు బ్రేకు నొక్కి ఉంది. మిగతా రెండూ చక్రం గోతిలో పడ్డప్పుడు. పాడేరు వైపు ఎక్కేటప్పుడు సున్న. చోడవరం చుట్టుపక్కల చదునైన రోడ్డుమీద సున్న. నిలబడి ఉన్నప్పుడు సున్న. షెడ్డు నేల చదును, బండి కదలదు. మేస్త్రీకి వినబడకపోవడంలో వింత లేదు.

వాలు, బ్రేకు, కుదుపు. ఈ మూడింటికీ చలించేది ఏమిటి? మీరు నీళ్ళ సీసా పట్టుకుని బస్సులో కూర్చున్నారనుకోండి. బస్సు దిగుడులో పోతే నీళ్ళు సీసా ముందువైపు ఎగబాకుతాయి. బ్రేకు వేసినా ముందుకే పోతాయి. గోతిలో పడితే ఎగిరిపడతాయి. అంటే గంటను మోగిస్తున్నది ఏదో ఒక ద్రవం!

బండిలో ద్రవాలు చాలా ఉన్నాయి. డీజిలు, ఇంజన్ ఆయిలు, రేడియేటరు నీళ్ళు, బ్రేక్ ఆయిలు. వీటిలో ఏది తగ్గినా డాష్‌బోర్డు మీద దానిదైన దీపం వెలగాలి కదా, అదెందుకు వెలగలేదు? ఇక్కడే మేమందరం బోల్తాపడ్డాం. దీపం వెలగలేదు కాబట్టి లోపం లేదనుకున్నాం. పాప బండితో ఇచ్చిన పుస్తకం తీసి దీపాల బొమ్మలు లెక్కపెట్టింది. తాళంచెవి తిప్పగానే, ఇంజను స్టార్టు చేసేముందు, ఈ దీపాలన్నీ ఒకసారి వెలగాలి. బల్బులు బాగున్నాయో లేదో తెలియడానికే ఆ ఏర్పాటు. పుస్తకంలో తొమ్మిది. బండిలో వెలిగినవి ఎనిమిది.

వెలగని తొమ్మిదో దీపం బొమ్మ ఒక సున్న, దాని మధ్య ఆశ్చర్యార్థకం. తమ్ముడు హ్యాండ్ బ్రేకు లాగాడు. అప్పుడూ వెలగలేదు. బల్బు ఎప్పుడో మాడిపోయింది! రోజూ చూసే డాష్‌బోర్డు మీద ఒక దీపం లేకుండా పోతే ఎవరూ గుర్తించలేదు. ఉన్నదాన్ని చూడడం తేలిక. లేనిదాన్ని చూడాలంటే ముందే లెక్క తెలిసి ఉండాలి.

ఆ దీపం రెండు పనులు చేస్తుందని పుస్తకంలో ఉంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంటే వెలుగుతుంది. బ్రేక్ ఆయిలు తగ్గినా వెలుగుతుంది. రెండు స్విచ్చులను సమాంతరంగా కలిపారన్నమాట. ఇది కాని, అది కాని మూసుకుంటే చాలు. గంట పెట్టెకు మరో నియమం కూడా ఉంది. ఆ తీగ ఎర్త్ కావాలి, బండి కదులుతూ కూడా ఉండాలి. రెండూ ఒకేసారి జరిగితేనే మోగుతుంది. హ్యాండ్ బ్రేకు దించడం మరిచి బండి నడిపేవాళ్ళకోసం పెట్టిన గంట అది. మాడిన బల్బుతో దానికి నిమిత్తం లేదు, తన తీగ తనకు వేరే ఉంది.

మేస్త్రీని పిలిచి ముందు హ్యాండ్ బ్రేకు స్విచ్చు తీగ ఊడదీయించాం. మళ్ళీ ఘాట్ దిగాం. గంట మోగింది. ఇక మిగిలింది ఒక్కటే.

బోనెట్ ఎత్తితే డ్రైవరు వైపు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో బ్రేక్ ఆయిలు. దానిలో అయస్కాంతం అమర్చిన బెండు ఒకటి తేలుతుంటుంది. ఆయిలు తగ్గితే బెండు దిగుతుంది. అడుగున సన్నని గాజుగొట్టంలో రెండు ఇనుప రేకులు విడివిడిగా ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే అవి అతుక్కుంటాయి, స్విచ్చు మూసుకుంటుంది. ఆయిలులో నిప్పురవ్వకు తావు లేని చక్కని ఏర్పాటు!

చదునుమీద మా డబ్బాలో ఆయిలు కనిష్ఠ గీతకు వెంట్రుకవాసి పైన ఉంది. మరి దిగుడులో ఏమవుతుంది? డబ్బా పొడవు 12 సెంటీమీటర్లు, బెండు వెనక కొసన ఉందనుకుందాం. మధ్యనుంచి దానికి 6 సెంటీమీటర్లు. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలులో, అక్కడ ఆయిలు మట్టం 6లో పదోవంతు, అంటే 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. బ్రేకు కాస్త గట్టిగా వేశారనుకోండి, గురుత్వ త్వరణంలో పదింట మూడు వంతుల మందగమనం వస్తే, మరో 18 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మొత్తం 24! ఎక్కేటప్పుడు ఇదే ఆయిలు వెనక్కి చేరి బెండును ఇంకా పైకి ఎత్తుతుంది. పాప పుస్తకంలోని సున్నలకు కారణం దొరికింది.

మేస్త్రీ ఆయిలు సీసా మూత తీశాడు, పోసేద్దామని. అంతలో తనే ఆగిపోయాడు. "ఆయిలు గాల్లో కలిసిపోద్దేటి? ముందు చక్రం ఇప్పి చూద్దాం బాబూ." పైపులు, గొట్టాలు తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు. ముందు చక్రం విప్పాక మేమంతా మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాం.

మీరు పాస్కల్ సూత్రం చదువుకున్నారు కదా. బ్రేకు పెడలు నొక్కితే ఆ పీడనం ఆయిలు ద్వారా చక్రాల దగ్గరికి చేరి, అక్కడ ముషలకాన్ని తోస్తుంది. అది రెండు బ్రేకు ప్యాడ్లను ఉక్కు పళ్ళానికి అదిమిపెడుతుంది. ప్యాడ్ల మీది లైనింగు కొత్తలో 10 మిల్లీమీటర్ల మందం. మా బండిలో మిగిలింది రెండు కూడా లేదు! ఇంకొన్నాళ్ళు పోతే ఇనుముమీద ఇనుము రాసుకునేది. వెనక కాఫీ బస్తాలు, పక్కన లోయ.

లైనింగు అరిగితే ఆయిలు ఎందుకు తగ్గాలి? ప్యాడ్లు పలచబడ్డకొద్దీ ముషలకం ముందుకు జరుగుతుంది. దాని వెనక ఏర్పడ్డ ఖాళీని నింపడానికి డబ్బాలోని ఆయిలు దిగుతుంది. లెక్క వేయండి. ముషలకం అడ్డుకొలత 5.4 సెంటీమీటర్లు. వైశాల్యం 3.14 × 2.7 × 2.7, సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క ప్యాడు 8 మిల్లీమీటర్లు అరిగితే, రెండింటికీ కలిపి ముషలకం 1.6 సెంటీమీటర్లు జరగాలి. 23 × 1.6 = 36.8. రెండు ముందు చక్రాలకు దాదాపు 74 ఘనపు సెంటీమీటర్లు. చిన్న టీ గ్లాసుకు ముప్పాతిక! ఆయిలు కారిపోలేదు, చక్రాల దగ్గరికి వలసపోయింది.

ముందే ఆయిలు పోసి ఉంటే గంట ఆగిపోయేది. ప్యాడ్లు మాత్రం అరుగుతూనే ఉండేవి. వైరు పీకినా అంతే.

కొత్త ప్యాడ్లు వేయడానికి మేస్త్రీ ముషలకాలను వెనక్కి నెట్టాడు. డబ్బాలో ఆయిలు, ఒక్క చుక్క పోయకుండానే, గరిష్ఠ గీతదాకా లేచి నిలిచింది. అయినా పాత ఆయిలు తీసేసి కొత్తది పోయించాం. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తలో 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నియమం. నీరు పట్టాక అది 140 దగ్గరే మరగవచ్చు. పొడుగాటి ఘాట్‌లో బ్రేకులు బాగా వేడెక్కుతాయి. ఆయిలు మరిగి బుడగలు వస్తే పెడలు మెత్తగా నేలకు తగులుతుంది. బుడగలు నొక్కుకుపోతాయే కాని పీడనాన్ని చక్రాలకు చేరవేయవు.

తొమ్మిదో బల్బు కూడా మార్చాం. మొత్తం ఖర్చులో అన్నిటికంటే చవక అదే. ఇప్పుడు తాళంచెవి తిప్పగానే తమ్ముడు తొమ్మిదీ లెక్కపెట్టాకే స్టార్టు చేస్తాడు.

ఆ తరవాత మూడు నెలలు గంట వినబడలేదు. ఈమధ్య ఘాట్ దిగుతుంటే ఉన్నట్టుండి 'టింగ్... టింగ్...' అని మోగింది. తమ్ముడు ఉలిక్కిపడి బండిని పక్కకు తీసి ఆపాడు. అందరం డాష్‌బోర్డు వైపు చూశాం. బెల్టు దీపం వెలుగుతోంది. ముందు సీట్లో అనాసపళ్ళ బుట్ట ఉంది.